మండువా ఉంచాలా... డాబా వేయాలా?

నాలుగు వైపులా వసారా. మధ్యలో నలుచదరంగా ఆకాశం. వానొస్తే ఇంటి నడిమధ్యనే వాన, వెన్నెలొస్తే ఇంటి నడిమధ్యనే వెన్నెల! మండువా లోగిలి గురించి ఎవర్ని కదిపినా ముందు ఈ మాటే చెబుతారు. సినిమాల్లో చూసినవాళ్లయితే ఇంకాస్త మురిపెంగా చెబుతారు. అదే ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా రోజూ పొద్దున్నే మండువాలో ఆకులూ కాకిరెట్టలూ ఊడుస్తున్న కోడల్ని అడగండి... జవాబు వేరేలా ఉంటుంది.

తాతలనాటి పెంకుటిల్లు ఉంచుకోవాలా, పడగొట్టి డాబా వేసుకోవాలా? కోనసీమలో ఏ ఊరెళ్లినా ఏదో ఒక ఇంట్లో ఈ చర్చ నడుస్తూనే ఉంటుంది. సంక్రాంతికి అన్నదమ్ములంతా చేరితే మరీను. పందేలూ పేకాటా అయ్యాక, భోజనాల దగ్గర మొదలవుతుంది అసలు పంచాయితీ!

రావులపాలెం దాటి కొత్తపేట మీదుగా అమలాపురం వైపు వెళ్తుంటే రెండు రకాల ఇళ్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. కొబ్బరిచెట్ల మధ్య వంగి కూర్చున్నట్టుండే పెంకుల కప్పులు కొన్ని. వాటి పక్కనే గులాబీ, పసుపు రంగులేసుకుని, స్టీలు రెయిలింగు తళతళలాడించే రెండంతస్తుల మేడలు. మేడ గేటు మీద కట్టిన సంవత్సరం ఉంటుంది. పెంకుటింటికి అలాంటిదేం ఉండదు. అడిగితే ‘మా తాతగారి పెళ్లికి ముందు’ అనో, ‘పెద్ద గాలివానకి తర్వాత’ అనో చెబుతారు.

ఈ ఇళ్లకి డబ్బు పెట్టింది ఓ రకంగా గోదావరే. కాటన్ దొర ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువలొచ్చాయి, వరి పండింది, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. భూమి ఉన్నవాళ్లు లోగిళ్లు కట్టారు. కలప మన్యం నుంచి గోదావరి మీద తెప్పలుగా దిగింది. మా స్తంభాలు రంగూన్ టేకువని ఇప్పటికీ చెప్పుకునే కుటుంబాలున్నాయి. మొదట్లో గూనపెంకు, ఆ తర్వాత బంగాళా పెంకు. ఈ రెండోది నిజానికి మంగుళూరు పెంకు. అక్కడ బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మొదటి కార్ఖానా పెట్టారు. పేరులో బంగాళా ఎలా వచ్చిందో గానీ, గోదావరి జిల్లాల్లో ఆ పేరే స్థిరపడింది.

గానుగ సున్నంతో కట్టిన గోడ అడుగున్నర మందం ఉంటుంది. ఇవాళ్టి ఇంటికి బయటి గోడ తొమ్మిదంగుళాలు, లోపలి గోడ నాలుగున్నర. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, మే నెల మధ్యాహ్నం తెలుస్తుంది. ఎత్తయిన కప్పు కింద చేరిన వేడి పెంకుల సందుల్లోంచి పోతుంది, మండువాలోంచి పోతుంది. స్లాబు అలా కాదు. పగలంతా ఎండ తాగి, రాత్రంతా నెమ్మదిగా ఇంట్లోకి వదుల్తుంది. అందుకే కొత్త ఇల్లు కట్టిన మర్నాటి నుంచే ఏసీ మాట మొదలవుతుంది.

ఇంతవరకూ వింటే పెంకుటిల్లే గొప్పదనిపిస్తుంది కదూ! కాస్త ఆగండి.

అంబాజీపేట దగ్గర ఓ ఊళ్లో అలాంటి లోగిలి ఒకటుంది. వీధరుగు దాటితే సావిడి, సావిడి దాటితే మండువా, దాని చుట్టూ గదులు, వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి. మండువాలో నాలుగు మూలలా, వాన నీళ్లు పట్టే ఇత్తడి గంగాళాలు పెట్టిన గుర్తులు రాతి మీద అరిగి ఉన్నాయి. ఇంట్లో ఉండేది ఎనభై దాటిన పెద్దావిడ, పెద్దకొడుకు, కోడలు. చిన్నకొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం. ‘పడగొట్టి డాబా వేద్దాం’ అంటాడు పెద్దాయన. ‘నాన్న ఇల్లు ముట్టుకోవద్దు’ అంటాడు చిన్నాయన. ఆయన ఏడాదికి మూడు రోజులొస్తాడు!

‘‘ఇల్లు బానే ఉంటాదండి. రాత్రి రెండింటికి అత్తగారు లేస్తే, మండువా దాటి, వంటిల్లు దాటి, పెరట్లోకి తీసుకెళ్లాలి. వానాకాలం ఆ రాళ్ల మీద పాచి. రెండుసార్లు జారిపోయారావిడ. ఫొటోలో పాచి కనపడదు కదండీ’’ అంది కోడలు. ఈ చర్చలో ఇంతకంటే గట్టి మాట ఇంకెవరి దగ్గరా వినలేదు.

పెంకుటింటి అసలు ఖర్చు కట్టేటప్పుడు కాదు, ఉంచుకునేటప్పుడు. ఏటా తొలకరికి ముందు మనిషి కప్పెక్కాలి. పగిలిన పెంకు తీసి కొత్తది పెట్టాలి, జారింది సర్దాలి, పేరుకున్న ఆకు దులపాలి. రెండు వాలులు కలిసే మూల ఉంటుంది చూశారూ... మండువా ఇంటికి ప్రాణాపాయమంతా అక్కడే. రెండు కప్పుల నీళ్లూ ఆ మూలలో పరిచిన రేకు మీదుగానే దిగాలి. రేకుకి చిల్లు పడితే నీళ్లు నేరుగా దూలం మీదకే. ఒక్క ఏడాది చూడకపోతే తడి, రెండో ఏడాదికి చెద. ఆ పని తెలిసినవాళ్లు ఊళ్లలో తగ్గిపోయారు. ఉన్నవాళ్ల కొడుకులు సెంట్రింగు పనికో, గల్ఫ్‌కో వెళ్లిపోయారు. కోతులొచ్చిన ఊళ్లో అయితే ఏడాదికోసారి ఎక్కితే చాలదు.

తాళం వేసిన ఇల్లు ఇంకా త్వరగా పోతుంది. తలుపులు తెరవరు, గాలాడదు, పొయ్యి వెలగదు, ఎక్కడ కారుతోందో చూసే కన్నుండదు. ‘ఉంచుదాం’ అని వాదించి బస్సెక్కేవాళ్లు ఈ సంగతి ఆలోచించరు.

తుపాను మాట చెప్పకుండా కోనసీమ ఇళ్ల గురించి మాట్లాడటం కుదరదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకి వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరితోటలు నేలకొరిగాయి, పెంకులు కాగితాల్లా లేచిపోయాయి. డాబా ఉన్న ఇంట్లో చుట్టుపక్కలవాళ్లంతా చేరి తెల్లవార్లూ కూర్చున్న కథలు ఆ తరం దగ్గర కొల్లలు. ‘ఎలాగైనా స్లాబు పడాలి’ అనే పట్టుదల చాలామందికి ఆ రాత్రే పుట్టింది. దాన్ని మోజు అనడం అన్యాయం.

వరద సంగతి వేరు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. 2022 జూలైలో మళ్లీ 71.3 అడుగులు. రెండుసార్లూ లంక గ్రామాలు మునిగాయి. అప్పుడు లెక్కకొచ్చేది కప్పు కాదు, పునాది ఎత్తు. పాతవాళ్లు అరుగు ఎత్తుగా కట్టింది కబుర్లు చెప్పుకోవడానికి మాత్రమే కాదు. ఇప్పుడు కొందరు రోడ్డు మట్టానికి ఇల్లు కట్టి, పదేళ్లకి రోడ్డు పెరిగాక గుమ్మంలో ఇటుకలు పేర్చుకుంటున్నారు.

మరి కొత్త ఇల్లు ఎప్పటికీ కొత్తగా ఉంటుందా? ఎనభైల్లో వేసిన డాబాల కింద నిలబడి ఓసారి పైకి చూడండి. పెచ్చులూడి, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు కనిపించేవి తక్కువేం కాదు. సముద్రపు గాలిలో ఉప్పుంటుంది. చువ్వ కింద తగినంత కాంక్రీటు మందం లేకపోయినా, స్లాబు వేశాక మట్టికట్టలు కట్టి నీళ్లు నిలబెట్టకపోయినా తుప్పు త్వరగా మొదలవుతుంది. దూలం చెదపడితే దూలం మార్చొచ్చు. స్లాబు పాడైతే? అందుకే పాతదా కొత్తదా అని అడిగే ముందు, ఎవరు కట్టారు, ఎలా కట్టారు, ఎవరు చూసుకుంటున్నారు అని అడగాలి.

పాత ఇల్లు కొనాలనుకునేవాళ్లు ఎండాకాలంలో కాదు, వానాకాలంలో వెళ్లాలి. కారే ఇల్లు దాచుకోలేదు. నమ్మకమైన వడ్రంగిని వెంట తీసుకెళ్లి, దూలం గోడలోకి దిగే చోట కొట్టించి చూడాలి. బోలుగా మోగితే లోపల చెద తినేసినట్టే. గోడ కింద మూడడుగుల మేర సున్నం పొడిలా రాలుతుంటే చవుడెక్కుతోందని అర్థం. పైన సిమెంటు పూసి ఉంటే మరీ అనుమానించాలి. సిమెంటు వేశాక లోపలి చెమ్మ బయటికి రాలేదు. కర్ర, గోడ సరే, కాగితాలూ చూడాలి. మూడు తరాల ఇంట్లో వాటాదారులెందరో ఇంట్లోవాళ్లకే లెక్క తెలియదు. ఈసీ తీసి, పెళ్లయి వెళ్లిన ఆడపడుచుల వాటాతో సహా తేలాకే బయానా ఇవ్వాలి.

కొత్తది కొనేవాళ్లకీ వానాకాలం మాట వర్తిస్తుంది. రంగు కింద ఏముందో వానే చెబుతుంది.

పడగొట్టేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. పాత కలప కొనేవాడు కర్రకే లెక్క కడతాడు. చెక్కడం ఉన్న గుమ్మం, ఒకే మానులోంచి తీసిన స్తంభం నగరంలో ఏ రిసార్టుకో, ఏ హోటలుకో చేరేసరికి దాని ధర వేరు. తమిళనాడులోని కారైకుడిలో చెట్టినాడు భవనాల నుంచి ఊడదీసిన తలుపులూ స్తంభాలూ అమ్మడానికి ఓ వీధే ఉంది. అక్కడికెళ్లి చూస్తే, మన ఊళ్లో బేరం ఎంత తొందరపడి కుదుర్చుకుంటున్నామో అర్థమవుతుంది.

అంబాజీపేట దగ్గరి లోగిలికి పోయిన వేసవిలో వడ్రంగి వచ్చాడు. దూలాలన్నీ కొట్టి చూశాడు. ముందు భాగం గట్టిగానే ఉంది. వెనక వసారాలో రెండు దూలాలు పోయాయి, వంటింటి గోడ చవుడెక్కింది. దాంతో అన్నదమ్ములు ఓ మాట మీదకొచ్చారు. మండువా, సావిడి, వీధరుగు అలాగే ఉంటాయి. వెనక వంటిల్లు తీసేసి, పునాది మరో రెండడుగులు లేపి, స్లాబుతో ఓ పడకగది, వంటగది, స్నానాలగది కడతారు. గాలివానొస్తే అందరూ అందులోకి. మండువా రాళ్ల మీద పాచి పట్టకుండా గరుకు రాయి పరిచి, గదుల నుంచి వెనక్కి వెళ్లే దారికి కప్పు వేస్తారు. ఏటా పెంకు సర్దించే ఖర్చు చిన్నకొడుకుది. ఆ షరతు పెట్టింది వదినగారు. ఆయన ఒప్పుకోక తప్పలేదు.

పెద్దావిడ ఒక్కటే అడిగింది. కొత్త గదిలో తన మంచం ఎటు వేసినా సరే, తలుపు తీస్తే మండువా కనపడాలట. మేస్త్రీ గుమ్మం రెండడుగులు పక్కకి జరిపి ముగ్గు పోశాడు.