విశాఖ పాతనగరంలో ఒక పగలు

భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానం ఏమైందో చూడమని దివ్యఖుర్ఆన్ అనేక చోట్ల ఆదేశించింది. ఆ మాట వినగానే మన ఊహ ఆద్, సమూద్ జాతుల శిథిలాల వైపు, ఫిరౌను ఏలిన దేశం వైపు పోతుంది. బస్సెక్కి గంటలో చేరగల వీధుల వైపు పోదు. గడచిన డిసెంబరులో మా కుటుంబం అటువంటి వీధుల్లోనే ఒక పగలంతా గడిపింది.

ఉక్కునగరం క్వార్టర్లలో మా చెల్లెలి కాపురం. ఆమె కుమార్తె, అల్లుడు ఇద్దరు పిల్లలతో అమెరికాలోని వర్జీనియా నుంచి సెలవులకు వచ్చారు. అక్కడ విలియమ్స్‌బర్గ్ అనే పట్టణం ఉన్నది. ఆ దేశం బ్రిటిషు వలసగా ఉన్ననాటి రూపంలో ఆ ఊరిని పునర్నిర్మించి నిలిపారు. మూడు మూలల టోపీలు, పొడవాటి కోట్లు ధరించిన మనుషులు వీధుల్లో తిరుగుతారట. కమ్మరి కొలిమిలో ఇనుము సాగగొడతాడు, సిపాయిలు పాతకాలపు తుపాకులు పేల్చి చూపిస్తారు. చూడవచ్చిన కుటుంబాలు వారితో ఆనాటి మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడతాయి. పిల్లలు ఇదంతా కళ్లు పెద్దవి చేసుకుని చెప్పి, “నానాజాన్, ఇక్కడ అలాంటిది లేదా?” అని అడిగారు.

వేషాలు లేవు, టికెట్టు లేదు, ఊరు మాత్రం ఉన్నదని చెప్పి మరునాడు ఉదయమే అందరినీ బయలుదేరదీశాను. ఇంట్లో ఆడవాళ్లు పులిహోర, ఉడికించిన కోడిగుడ్లు కట్టుకున్నారు.

కమ్మరి కొలిమి మాట రావడంతో దారిలో నేను మదరసాలో చెప్పే పాఠం ఒకటి జ్ఞాపకం వచ్చింది. ప్రాచీన అరబ్బీ కవిత్వంలో శ్రేష్ఠమైన కత్తికి ‘ముహన్నద్’ అని పేరు. హింద్ దేశపు ఉక్కుతో చేసినదని దాని భావం. తెలంగాణలోని కోనసముద్రం వంటి పల్లెల్లో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. కత్తికి దేశం పేరు దక్కింది, కవికి కీర్తి దక్కింది, ఆ మూసను ఊదిన కమ్మరి పేరు మాత్రం ఏ దీవాన్‌లోనూ లేదు. ఉక్కు కర్మాగారంలో పనిచేసే మా చెల్లెలి భర్త ఈ మాట విని చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు.

గాజువాక, సింధియా దాటి పాత పోస్టాఫీసు దగ్గర దిగాము. ఇక్కడి విక్టోరియా రాణి విగ్రహం, కురుపాం మార్కెట్టు ద్వారం, క్వీన్ మేరీ పాఠశాల అందరూ ఫొటోలు తీసుకునేవే. మేమూ తీసుకున్నాము. పిల్లలకు విగ్రహం కంటే మార్కెట్టు నచ్చింది. అక్కడ ఎవరూ పూర్వకాలాన్ని అభినయించడం లేదు, బేరాలు నిజంగానే సాగుతున్నాయి.

కోటవీధిలో ఇప్పుడు కోట లేదు, పేరు మిగిలింది. ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దం చివరి భాగంలో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నది. 1689లో ఔరంగజేబు చక్రవర్తికీ కంపెనీకీ వైరం వచ్చినప్పుడు మొఘల్ సేనలు ఆ స్థావరాన్ని పట్టుకుని, అందులోని ఆంగ్లేయులను చంపాయి. మరుసటి సంవత్సరమే దానిని వారికి తిరిగి ఇచ్చారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దీనిని గెలుచుకున్నాడు. ఎక్కువ కాలం నిలుపుకోలేకపోయాడు.

ఐరోపావారి పాత శ్మశానవాటిక దగ్గర మేము చాలాసేపు ఆగాము. సమాధులను దర్శించడం పరలోకాన్ని గుర్తు చేస్తుంది కనుకనే దైవప్రవక్త (స) దానికి అనుమతించారు. నల్లబడిన రాళ్ల మధ్య ఒక స్తంభం ఉన్నది. 1780 అక్టోబరు 3న ఈ ఊరిలో సిపాయిలు తిరగబడినప్పుడు హతులైన ఆంగ్లేయుల స్మారకం అది. 1857 కంటే 77 సంవత్సరాలు ముందు! మన పాఠ్యపుస్తకాల్లో దీనికి చోటు దొరకడం అరుదు.

ఆ సంవత్సరం హైదర్ అలీ కర్ణాటక ప్రాంతంపై దండెత్తాడు. సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర బెయిలీ దొర సైన్యం నాశనమైంది. మద్రాసు వణికింది. ఉత్తర సర్కారుల్లో ఉన్న సిపాయిలను ఓడలెక్కించి మద్రాసు పంపాలని కంపెనీ నిర్ణయించింది. విశాఖ రేవులో ఓడ ఎక్కవలసిన సిపాయిలు ఎక్కమన్నారు. షేక్ మహమ్మద్ అనే సుబేదారు వారికి నాయకుడు. మాట మాట పెరిగి తుపాకులు పేలాయి.

పన్నెండేళ్ల మనుమడు సూటిగా అడిగాడు: “సిపాయిలు మంచివాళ్లా, చెడ్డవాళ్లా?”

ఇక్కడ మనలో కొందరికి ఒక తొందర ఉన్నది. నాయకుడి పేరు షేక్ మహమ్మద్, ఎదుటివాడు హైదర్ అలీ, కనుక ఇది ధర్మయుద్ధమని ప్రసంగాల్లో చెప్పేస్తారు. నాకు అది సమ్మతం కాదు. తమ ప్రాంతంలో పనిచేయడానికి కొలువు కుదిరినవారిని సముద్రం దాటించి తెలియని యుద్ధంలోకి తోయడమే ఆ అలజడికి మూలం. ఆలుబిడ్డలను ఇక్కడ వదిలి ఓడ ఎక్కవలసిన మనిషి బాధకు మతం ఉండదు. అలాగే ఆ స్తంభం కింద ఉన్నవారికీ తల్లులున్నారు, ఆ కబురు ఇంగ్లండు చేరడానికి నెలలు పట్టి ఉంటుంది. ఒక జాతిపై ఉన్న వైరం మిమ్మల్ని అన్యాయం వైపు మళ్లించకూడదని ఖుర్ఆన్ మనకు నేర్పింది. చరిత్ర చెప్పే నోటికి కూడా ఆ ఆజ్ఞ వర్తిస్తుంది. “కంపెనీ చేసినది అన్యాయం. చంపడం చిన్న విషయం కాదు. రెండూ నిజమే” అని పిల్లవాడికి చెప్పాను. అతడు స్తంభం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, “సిపాయిల సమాధులు ఎక్కడ?” అన్నాడు. నేను చూపించగలిగినది ఏమీ లేదు.

అప్పుడు మా మేనకోడలు విలియమ్స్‌బర్గ్ గురించి పిల్లలు చెప్పని సంగతి చెప్పింది. 18వ శతాబ్దంలో ఆ ఊరి జనాభాలో సగానికి పైగా నల్లజాతి బానిసలే. 1926లో పునర్నిర్మాణం మొదలైన తరువాత దశాబ్దాల పాటు అక్కడ దొరలను, కులాసా చేతిపనులను మాత్రమే ముచ్చటగా చూపారు. బానిసల జీవితాన్ని చూపడానికి నల్లజాతి నటులను నియమించినది 1979లో. 1994లో బానిసల వేలాన్ని అభినయించి చూపినప్పుడు నల్లజాతి సంఘాల వారే కొందరు అభ్యంతరం చెప్పారు. తమ గాయం వినోదం కారాదని వారి వాదన. చూసిన తరువాత మనసు మార్చుకున్నవారూ ఉన్నారు. నా అభిప్రాయమడిగితే, వేడుకలో ఆ గాయాన్ని దాచడం కంటే గౌరవంగా చూపడమే మేలు. ఆ బానిసల్లో మన సోదరులు కూడా ఉన్నారు కదా! 1807లో అమెరికా తీరానికి తేబడిన ఉమర్ ఇబ్న్ సయీద్ అనే పండితుడు 1831లో తన జీవితకథను అరబ్బీలోనే రాసుకున్నాడు.

జుహర్ నమాజు పాతనగరంలోనే చదివి, భోజనం చేసి దర్గాకొండ ఎక్కాము. మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదానిపై చర్చి, మరొకదానిపై వేంకటేశ్వరుని ఆలయం, నడుమ హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ దర్గా. రేవులోకి వచ్చిపోయే ఓడలు ఈ దర్గాకు గౌరవంగా జెండాను మూడుసార్లు ఎత్తి దించేవని బ్రిటిషు కాలపు జిల్లా గ్రంథాలు చెబుతాయి. దర్గాల విషయంలో మన మధ్య ఉన్న అభిప్రాయభేదాలు పాఠకులకు తెలిసినవే. నేను పిల్లలకు చెప్పినది ఇంతే: సలాము చెప్పి మరణించినవారి కోసం దుఆ చేయాలి, మన అవసరాలు అల్లాహ్‌నే అడగాలి.

కొండపై నుంచి ఓడరేవు ముఖద్వారం, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కనిపించాయి. రాళ్లు నింపిన రెండు పాత ఓడలను ముంచి ఇక్కడ అలలకు అడ్డుకట్ట వేశారు. బురదనేలను తవ్వి రేవు చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. ఇంజనీర్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. తట్టలు మోసినవారివి లేవు.

రేవు కట్టకముందు ఓడలు సముద్రంలోనే ఆగేవి, మనుషులు పడవల్లో వెళ్లి ఎక్కేవారు. ఈ తీరం నుంచి వేలమంది కూలికోసం రంగూను వెళ్లారు. మా తాతగారూ అలా వెళ్లినవారే. 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించగా కాలినడకన తిరిగివచ్చిన జనంలో ఆయన ఉన్నారు. ఆ నడక సంగతి మా చెల్లెలికే ఎక్కువ తెలుసు, అమ్మ దగ్గర కూర్చుని విన్నది ఆమె కనుక. కొండ మెట్ల మీద కూర్చుని అరగంట చెప్పింది. దారిలో ఆయన చేతుల్లో పోయిన చిన్న తమ్ముడి సంగతి కూడా చెప్పింది. అది నేనూ ఎప్పుడూ వినలేదు.

మనుమడు నోటుపుస్తకం తీసి తాతగారి పేరు, ఆ తమ్ముడి పేరు అడిగి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. సరిగా ఉన్నదా అని నాకు చూపించాడు. ఒక అక్షరం దిద్ది, కింద ఉర్దూలో కూడా రాసి ఇచ్చాను. అసర్ వేళ దగ్గరపడుతుండగా మెట్లు దిగాము.