ఒంటబట్టని భాస్వరం

వరంగల్ కొత్తవాడకు వెళ్లింది జంపఖానాలు చూడ్డానికి. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నేత ఎలా సాగుతోందో చూద్దామని ఓ ఇంట్లో కూర్చున్నాను. మగ్గం పక్క నూలు కండెల వెనక మూడు మూటలు కనిపించాయి. ఒకదాంట్లో తవుడు, ఒకదాంట్లో పల్లిచెక్క. మూడోది బర్రె బొమ్మ ఉన్న మినరల్ మిక్చర్ సంచి.

ఇంటాయన బావమరిది ఊరిబయట కుంట కౌలుకు తీసుకుని చేపపిల్లలు పెంచుతున్నాడట. అక్కడ జాగా లేక మేత ఇక్కడ దాస్తున్నాడు. బొమ్మ చూసి నేను నవ్వితే అతను బావ వైపు తిరిగాడు: “బర్రెకు ఒంటబట్టింది చేపపిల్లకు ఒంటబట్టదా బావా?”

బావకు జవాబు తెలియదు. ప్రశ్న మాత్రం నవ్వి తోసేసేది కాదు.

చేపకు కాల్షియం కొరత అంత తేలిగ్గా రాదు, నీళ్లలోంచి మొప్పల ద్వారా లాక్కుంటుంది. భాస్వరం అలా దొరకదు. నీళ్లలో ఉండేదే స్వల్పం, అందుకే మేతలో ఉండాల్సిందే. జపాన్‌లో ఒగినో, ఆయన సహచరులు 1970ల్లో బంగారుతీగ పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో తేలిన లెక్క 0.6 నుంచి 0.7 శాతం, అంటే కిలో మేతలో 6-7 గ్రాములు. తవుడులో భాస్వరం అంతకు రెట్టింపు పైనే. మరి కొరత ఎక్కడిది? అందులో చాలా భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. బర్రె పొట్టలోని సూక్ష్మజీవులు ఆ ఫైటేట్‌ను విడగొడతాయి. చేపకు ఆ సౌకర్యం లేదు. తిన్నది తిన్నట్టే బయటికి పోతుంది.

పోనీ, సంచిలోని పొడి? అందులో ఎక్కువగా వాడేది డీసీపీ, అంటే డై కాల్షియం ఫాస్ఫేట్. బొచ్చె, రవ్వ, బంగారుతీగ మూడూ కడుపు లేని చేపలు. పేగు ఉంది గానీ ఆమ్లం ఊరే సంచి లేదు, అందుకే గట్టి ఖనిజాన్ని కరిగించుకోలేవు. బంగారుతీగకు మోనో కాల్షియం ఫాస్ఫేట్‌లోని భాస్వరం 94 శాతం ఒంటబడితే, డీసీపీలోది 46 శాతమే. ఎముకల పొడిలో ఉండే ట్రై కాల్షియం రూపంలోదైతే 13. కడుపున్న ట్రౌట్ చేపకు డీసీపీలోది 71 శాతం దాకా అందుతుంది. బావమరిది వంద రూపాయలు పోస్తే సగానికి పైగా కుంట బురదకే.

సాయంత్రం కుంటకు వెళ్లాం. నర్సరీ గుంటలో 6 మిల్లీమీటర్ల స్పాన్ వదిలి ఇంకా వారం కాలేదు. హెక్టారుకు 30 నుంచి 50 లక్షల లెక్కన వదులుతారు. అంత గుంపులో మేత తప్పదు. పక్క గుంటలో పెద్ద పిల్లల్ని వలతో ఎత్తి చూపించాడు. ఒకదాని వీపు వంకర. భాస్వరం చాలకపోయినా అలా అవుతుంది, విటమిన్ సి లోపించినా అవుతుంది. ఒక్క పిల్లను చూసి తేల్చడం తొందరపాటు. జింకు తగ్గితే కంట్లో శుక్లం, రెక్కల అంచు అరగడం కనిపిస్తాయి, మాంగనీసు తగ్గితే ఒళ్లు పొట్టిబారుతుంది. బంగారుతీగకు కిలో మేతలో 15-30 మిల్లీగ్రాముల జింకు, 13 మిల్లీగ్రాముల మాంగనీసు చాలు. చిటికెడంత కూడా కాదు.

నాకు ఆసక్తి కలిగించింది మాత్రం పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసిన ఆ పచ్చని నీళ్లే. ఆ భాస్వరం చేపపిల్ల తాగదు. ముందు నాచు తింటుంది, నాచును నీటిపురుగులు తింటాయి, పురుగుల్ని పిల్లలు మింగుతాయి. అప్పటికది అరిగే రూపంలోకి మారి ఉంటుంది.

బావమరిది 50 లీటర్ల నీళ్లు పట్టువలలో వడగట్టి, అడుగున మిగిలినదాన్ని గాజు గొట్టంలో పోసి ఎండకు పట్టాడు. గింజుకులాడే చుక్కలు 2 మిల్లీలీటర్ల గీతను తాకాయి.

“గియ్యి ఉన్నన్ని దినాలు సంచి ఇప్ప సార్” అన్నాడు.