మామ్మ చుట్ట, నా తీగచుట్ట

మా మామ్మ అడ్డపొగ తాగేది. శ్రీకాకుళం పల్లెల్లో పుట్టినవాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్ళ కోసం చెప్తాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. ఊడుపుల్లో గాలికీ వానకీ ఆరిపోదనీ, బూడిద రాలదనీ, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయనీ మామ్మ చెప్పేది. ఆమె ఈడు ఆడవాళ్ళు చాలామంది అలాగే తాగేవారు. గిరీశం చుట్టని పొగుడుతూ చదివిన పద్యం చదువుకున్న తెలుగువాళ్ళందరికీ నోటికొచ్చు. సాహిత్యంలో పిహెచ్.డి. చేసిన నాకు మామ్మ చుట్ట మీద మాత్రం ఎక్కడా ఒక పద్యం కనిపించలేదు.

2009లో మామ్మ అంగిట్లో పుండు లేచింది. ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. కారం తగ్గించి, గంజి తాగి నెట్టుకొచ్చింది. చివరికి విశాఖ తీసుకెళ్తే అక్కడి డాక్టరు మొదట అన్న మాట "ఆడదానివి, నీకు చుట్టేమిటి?" అని. మామ్మ తల దించుకుని నోరు మూసేసింది. ఆ నోరు తెరిపించి చూడడానికి అమ్మకి ఇంకో గంట పట్టింది. కేన్సరన్నారు. మరుసటి ఏడాది పోయింది. అడ్డపొగకీ అంగిలి కేన్సరుకీ ఉన్న సంబంధం డాక్టర్లకి దశాబ్దాలుగా తెలుసు. మామ్మకి మాత్రం సిగ్గు పడాలన్న సంగతి తెలిసింది గానీ అద్దంలో అంగిలి చూసుకోవాలన్నది తెలియలేదు.

ఇంత చూసిన నేను మళ్ళీ పొగ ఎందుకు తాగానని అడగొచ్చు. సమాధానం గొప్పగా ఏమీ ఉండదు. 2012లో పరిశోధనలో చేరాను. హాస్టల్ మేడ మీద రాత్రిపూట ఒకటితో మొదలై రోజుకి ఎనిమిది దాకా వెళ్ళింది. సోంపు, యాలకులు, తలకి చున్నీ... దాచడానికి పడ్డ శ్రమలో సగం మానడానికి పడి ఉంటే మానేసేదాన్నేమో.

2022లో ఏడాది ఫెలోషిప్ మీద ఇంగ్లండులోని లీడ్స్ వెళ్ళాను. నా పక్క వాటాలో ఉన్నావిడ బస్సు డ్రైవరు, యాభై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళు సిగరెట్లు తాగి, వేప్ పట్టుకుని మానేసింది. దుకాణంలో దొరికే కాయిళ్ళు ఖరీదని తనే తీగ చుట్టుకునేది. నన్ను పెరట్లో సిగరెట్టుతో చూసి ఒక్క నీతి వాక్యం చెప్పలేదు. "ఆదివారం రా, నేర్పిస్తాను" అంది.

మా ఇంట్లో ఫ్యూజు పోతే తమ్ముణ్ణి పిలిచేవారు. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. "ఆడపిల్లవి, కరెంటు జోలికి పోకు" అనేవారు నాన్న. అదే నాన్న నన్ను హాస్టల్‌కి పంపినప్పుడు కాయిల్ హీటరు కొనిచ్చారు. ఆ తీగ ఎన్నిసార్లు తెగిందో, తెగిన రెండు కొసలూ మెలిపెట్టి ఎన్నిసార్లు అతికించామో! ప్రతిసారీ తీగ పొట్టిదయ్యేది, నిరోధం తగ్గేది, కరెంటు ఎక్కువ లాగేది. మెలిక పెట్టిన చోట మరీ కాలి మళ్ళీ అక్కడే తెగేది. 230 వోల్టుల మీద మేమాడిన ఆట అది. ఇదంతా నాకు అర్థమైంది లీడ్స్‌లో, ముప్ఫై దాటాక.

ఆవిడ నేర్పిన పని చిన్నదే. 26 గేజి కాంథాల్ తీగని 3 మిల్లీమీటర్ల కడ్డీ మీద ఆరు చుట్లు చుట్టాలి. కొసల్ని అటామైజర్ మరల కింద బిగించి, మిగిలినది మొదలంటా కత్తిరించాలి. పరికరం మీద నిరోధం చూసుకోవాలి. సుమారు 0.8 ఓమ్ రావాలి. తక్కువ వాట్లలో క్షణం క్షణం వెలిగిస్తూ చూస్తే తీగ మధ్య నుంచి అంచులకి సమంగా ఎర్రబడాలి. ఒక చుట్టు ముందే భగ్గుమంటే పింగాణీ కొసల పట్టకారుతో సర్దాలి. చల్లారాక దూది దూర్చాలి, బిగువుగా, కానీ ఇరుక్కుపోకుండా. దూది ద్రవంలో పూర్తిగా తడిసేదాకా మళ్ళీ వెలిగించకూడదు. పొడి దూది మాడితే ఆ విషం నేరుగా లోపలికి పోతుంది.

నా మొదటి కాయిల్ వెలగలేదు. తెర మీద షార్ట్ అని పడింది. నేను సరిగ్గా కత్తిరించని కొస ఒకటి కింద లోహానికి తగులుతోంది. "ఇందుకే నియంత్రణ ఉన్న పరికరం కొనమన్నాను" అందావిడ. లోపలి చిప్ ఏమీ లేని మెకానికల్ పరికరమైతే బ్యాటరీ కరెంటంతా ఆ కొస గుండా పోయేదే. అలాగని చిప్ మీదే భారం వెయ్యకూడదు. 20 వాట్లు కావాలంటే చిప్ ఆ శక్తిని బ్యాటరీ నుంచి ఎలాగైనా లాగుతుంది. బ్యాటరీ 3.2 వోల్టులకి దిగినప్పుడు అది దాదాపు 7 అంపియర్లు. బ్యాటరీ నికరంగా అంతకంటే చాలా ఎక్కువ ఇవ్వగలిగినదై ఉండాలి.

ఒకరోజు నా బ్యాటరీ పైతొడుగు చివర చిరిగింది. గోరంత. పరవాలేదనుకుని లోపల పెట్టబోతే ఆవిడ నా చేతిలోంచి తీసేసుకుంది. ఆ బ్యాటరీ ఒళ్ళంతా రుణధ్రువమే. పైన ధనధ్రువానికీ దానికీ మధ్య ఉన్నది చిన్న వలయమూ, ఆ పల్చని తొడుగూ. సంచిలో తాళంచెవుల పక్కన విడిగా వేసుకున్నా అంతే ప్రమాదం. "చిరుగుని దాచుకోవడం కంటే చెప్పుకోవడం మంచిది" అంది. ఆవిడ బ్యాటరీ గురించే అంది. నాకు మాత్రం మామ్మ అంగిలి గుర్తొచ్చింది.

వేప్ మంచిదని చెప్పడానికి ఇది రాయడం లేదు. సిగరెట్టుకంటే హాని తక్కువే, కానీ హాని లేకుండా లేదు. పొగ అలవాటు లేనివాళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు. నేను 12 మిల్లీగ్రాముల నికోటిన్‌తో మొదలుపెట్టి, ఆరుకీ, మూడుకీ, సున్నాకీ దిగాను. 2023లో తిరిగొచ్చేటప్పుడు పరికరం ఆవిడకే ఇచ్చేశాను. మన దేశంలో 2019 నుంచి వీటి తయారీ, దిగుమతి, అమ్మకం నిషేధం. బీడీ, చుట్ట, సిగరెట్టు మాత్రం ప్రతి కిళ్ళీకొట్లోనూ దొరుకుతాయి. పిల్లల్ని కాపాడాలన్న ఆలోచనతో నాకు పేచీ లేదు. కానీ నిప్పున్నవాటిని అమ్మకానికి వదిలేసి, దీన్నొక్కదాన్నే ఆపిన ఆ లెక్కలో మామ్మలాంటి ఆడవాళ్ళ నోళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలియడం లేదు.

కిందటి సంక్రాంతికి అమ్మకి అన్నీ చెప్పేశాను. హాస్టల్ మేడ, సోంపు, లీడ్స్, తీగ చుట్టడం, మానేయడం. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనీ అనుకున్నాను. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది.

"నోరు ఓపాలి డాక్టరుకి సూపించుకున్నావేటే?"

చూపించుకోలేదు. మర్నాడే ఇద్దరం కలిసి వెళ్ళాం. ముందు నేను నోరు తెరిచాను. తర్వాత, డాక్టరమ్మ అడక్కుండానే, అమ్మ కూడా తెరిచింది.