బరువు ఎక్కడున్నది?

ఓడల నిర్మాణమే వృత్తిగా గల మనకు బరువు కొత్త సంగతి కాదు. ఉక్కు పలక యార్డులోకి వచ్చిన రోజు నుండి ఓడ జలప్రవేశం చేసే రోజు వరకు ప్రతి కిలో ఏదో ఒక పట్టికలోకి ఎక్కుతూనే ఉంటుంది. అయితే ఆ బరువు ఓడలో ఏ స్థానంలో ఉన్నదనే రెండవ ప్రశ్నను డ్రాయింగ్ విభాగం వారికి వదిలివేసి మనం నిశ్చింతగా ఉంటాము. ఆ రెండవ ప్రశ్నతోనే నన్ను కొన్ని వారాలపాటు కూర్చోబెట్టిన ఒక చిన్న చెక్కపడవను గురించి చెప్పాలని ఈ వ్యాసం.

మనలో కొందరు 2018 నవంబరులో విజయవాడ వద్ద కృష్ణానదిలో జరిగిన అంతర్జాతీయ పవర్‌బోట్ పందేలను కుటుంబసమేతంగా చూసే ఉంటారు. ఆ పడవలకు రెండు సన్నని హల్‌లు, వాటి నడుమ గాలి దూరే సొరంగం ఉంటాయి. హైడ్రోప్లేన్ వాటికి దగ్గరి చుట్టమే గాని దీని తీరు వేరు. దీని ముందుభాగంలో కుడి ఎడమల స్పాన్సన్లు అనే రెండు పొట్టి దిమ్మెలు ఉంటాయి. వేగం పుంజుకున్న తరువాత ఈ రెండు స్పాన్సన్ల వెనుక అంచులు, చివరన ప్రొపెల్లరు ఉన్న చోటు, ఈ మూడు తావులలో మాత్రమే పడవ నీటిని తాకుతుంది; తక్కినదంతా గాలిలోనే. నీటి మీద పరుగెత్తే ముక్కాలిపీట అనుకోవచ్చును.

ఈ రూపాన్ని 1930లలో అమెరికాలోని న్యూజెర్సీలో వెంట్నర్ పడవల కర్మాగారాన్ని నడిపిన ఏపెల్ కుటుంబం తీర్చిదిద్దింది. తరువాత సియాటిల్ నగరంలో టెడ్ జోన్స్ రూపకల్పన చేసిన స్లో-మో-షన్ 4 అనే పడవ వెనుక భాగాన్ని కూడా నీటి నుండి లేపి, సగం మునిగిన ప్రొపెల్లరు ఆసరాతోనే నడిచింది. 1950 జూన్ 26న అది వాషింగ్టన్ సరస్సు మీద గంటకు 160 మైళ్ళ వేగంతో, అనగా సుమారు 258 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. నేడు ఆ పడవ అదే నగరంలోని మ్యూజియంలో పైకప్పు నుండి వేలాడుతున్నది. దాని కింద నిలబడి తల పైకెత్తి చూస్తే, నీటిని తాకడానికి అది ఎంత అయిష్టపడేదో తెలిసిపోతుంది.

నేను దాని కింద నిలబడడానికి కారణం మా పెద్దక్కయ్య కుమారుడు. సియాటిల్ పరిసరాలలో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు తన పదకొండేళ్ళ కూతురి కోసం ఇంటి గ్యారేజీలో ప్లైవుడ్డు, ఎపాక్సీలతో హైడ్రోప్లేన్ ఒకటి కట్టడం మొదలుపెట్టాడు. అక్కడ తొమ్మిది నుండి పదిహేను సంవత్సరాల పిల్లలకు ప్రత్యేకంగా ఒక పందెపు తరగతి ఉన్నది. ఇంజను బలాన్ని తగ్గించి పెడతారు. అయినా గంటకు అరవై, డెబ్బై కిలోమీటర్ల వేగం తప్పదు. “మామయ్యా, పాప ఎక్కడ మోకాళ్ళూనాలో మీరే చెప్పాలి” అని డ్రాయింగులు పంపించాడు. ఇందులో కుర్చీ ఉండదు; నడిపేవారు మోకాళ్ళ మీద కూర్చుంటారు. నేను ఆర్జిత సెలవు పెట్టి బయలుదేరాను. ఎల్‌టిసి విదేశాలకు వర్తించదని మన ఫైనాన్స్ విభాగపు మిత్రులు గుర్తుచేయకుండా వదలలేదు.

మా తాతగారి కాలంలో ఎడ్లబండికి బస్తాలు ఎత్తేవారు ఈ శాస్త్రమంతా నోటిలెక్కగా ఎరుగుదురు. ముందు బరువెక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద పడి అవి అడుగు వేయలేవు. వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేచి మెడతాళ్ళు గొంతుకు బిగుస్తాయి. బండివాడు నొగల మీద ఒక జానెడు ముందుకో వెనుకకో జరిగి సరిచేసుకునేవాడు. హైడ్రోప్లేన్‌లో నడిపేవారు చేసేది సరిగ్గా అదే. తేడా ఏమిటంటే, ఇక్కడ కాడి పైకి లేస్తే ఆపడానికి ఎద్దులు లేవు.

మూడు తూకపు యంత్రాలు తెచ్చి స్పాన్సన్ల వెనుక అంచుల కింద రెండు, ట్రాన్సమ్, అనగా వెనుక పలక కింద ఒకటి పెట్టాము. పడవ చెక్క 52 కిలోలు, ఇంజను 36, హెల్మెట్టు, రక్షణ జాకెట్టులతో సహా పాప 43, ఇంధనం 4, మొత్తం 135. దూరాలన్నీ ట్రాన్సమ్ నుండి కొలిచి, భ్రామకాలు కూడి, మొత్తం బరువుతో భాగిస్తే గురుత్వకేంద్రం 72.6 సెంటీమీటర్ల వద్ద తేలింది. యంత్రాల మీద ముందు 65, వెనుక 70 కిలోలు చూపాయి. దాని ప్రకారం 72.2. ఇంజను వెనుక వేలాడుతూ ఉంటుంది గనుక దాని దూరానికి ఋణ చిహ్నం వేయాలని గుర్తుంచుకుంటే తక్కినదంతా పదవ తరగతి లెక్క.

ఈ అంకెలలో నన్ను ఆపివేసినది ఒక్కటే. మొత్తం బరువులో దాదాపు మూడవ వంతు ఆ పిల్లే. ఆమె 20 సెంటీమీటర్లు వెనుకకు జరిగితే గురుత్వకేంద్రం 6.4 సెంటీమీటర్లు వెనుకకు పోతుంది. మన ఓడతో పోల్చి చూడండి. పదివేల టన్నుల ఓడలో వందమంది సిబ్బంది, మనిషికి డెబ్బై కిలోల చొప్పున, అందరూ కలిసి ముందు నుండి వెనుకకు నూరు మీటర్లు నడిచారనుకుందాము. ఓడ గురుత్వకేంద్రం కదిలేది 7 సెంటీమీటర్లు. దూరం ఇంచుమించు ఒకటే. కాని నూటముప్పై మీటర్ల ఓడ దానిని గమనించనైనా గమనించదు. మూడు మీటర్ల పడవ స్వభావమే మారిపోతుంది.

ఎలా మారుతుందో కొంత వివరంగా చెప్పుకోవాలి. బరువు మరీ ముందుకు వస్తే స్పాన్సన్లు నీటిలో ఎక్కువగా దిగబడి వేగం చస్తుంది. అలలో ముక్కు గుచ్చుకుంటుంది. మలుపులో వెనుక భాగం తేలికై పక్కకు జారిపోతుంది, ఒక్కొక్కసారి పడవ ఉన్నచోటనే గిర్రున తిరిగి నడిపేవారిని విసిరివేస్తుంది. బరువు మరీ వెనుకకు పోతే మొదట కనబడేది గంతులు వేయడం; ముక్కు లేచి పడుతూ, లేచి పడుతూ సాగుతుంది. అసలు ప్రమాదం దాని తరువాతది. ముక్కు లేచినకొద్దీ అడుగున దూరే గాలి పెరుగుతుంది. గాలి పెరిగినకొద్దీ ముక్కు ఇంకా లేస్తుంది. ఓడ పక్కకు ఒరిగితే నీరు దానిని తిరిగి నిలబెడుతుంది. ఇక్కడ ఒరుగు ఒరుగునే పెంచుతుంది. పైగా గాలి లేపే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. 65 కిలోమీటర్ల వేగంతో పోతున్న పడవకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే ఆ బలం ఒక్కసారిగా డెబ్బై శాతం ఎక్కువవుతుంది. పడవ వేగం పెరగలేదు, నడిపేవారు ఏ పొరపాటూ చేయలేదు. సరస్సు మీద గాలి దిశ మారింది, అంతే.

డోనాల్డ్ క్యాంప్‌బెల్ కథ పెద్దలకు గుర్తుండవచ్చును. 1964 డిసెంబరు 31న ఆస్ట్రేలియాలో తన బ్లూబర్డ్ మీద గంటకు 276 మైళ్ళ రికార్డు సాధించిన ఆయన, 1967 జనవరి 4న ఇంగ్లండులోని కానిస్టన్ సరస్సు మీద 300 మైళ్ళకు పైగా వేగంతో పోతుండగా పడవ ముక్కు లేచి, గాలిలో పల్టీ కొట్టి ముక్కలైపోయింది. ఆయన మృతదేహం 2001లో గాని లభించలేదు. అంతకు ముందరి వారాలలో ఆయన బృందం ఆ పడవలో బరువుల పంపిణీని సవరించవలసి వచ్చింది.

మా మేనల్లుడి భార్యకు ఈ చరిత్ర అంతా తెలుసు. ఒకనాటి రాత్రి వంటింటి బల్ల మీద నా లెక్కల కాగితాలు తిప్పిచూస్తూ, “మామయ్యగారూ, ఇది తిరగబడదని మీరు చెప్పగలరా?” అని సూటిగా అడిగింది. చెప్పలేనన్నాను. చెప్పగలిగినది చెప్పాను. నీరు, గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు, ఇంజను వంపు మేము బిగించిన చోటనే ఉన్నప్పుడు, పాప మోకాళ్ళు ఫలానా గీతకు వెనుక పోనంతవరకు ముక్కు కుదురుగా ఉండాలి. చేతిలోని థ్రాటిల్ పట్టు వదిలితే దానంతట అదే మూసుకుంటుంది. పాప విసిరివేయబడితే జాకెట్టుకు కట్టిన తాడు ఇంజనును ఆపివేస్తుంది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “అయితే ఆ ఇరవై సెంటీమీటర్లూ దాని చేతిలోనే ఉన్నాయన్నమాట” అన్నది. మన ఆడిట్ వారు కూడా నా లెక్కను అంత త్వరగా పట్టుకోగలరని అనుకోను.

మరునాడు ఆమే బ్రష్షు తీసుకొని పడవ నేల మీద ఎర్రగీత గీసింది. ఒడ్డున జెండా రెపరెపలాడితే పడవ దిగరాదని షరతు పెట్టింది. అలా రెండు శనివారాలు వృథా అయ్యాయి, మేనల్లుడు సణిగాడు, నేను ఆమె పక్షమే వహించాను.

మూడవ శనివారం సరస్సు అద్దంలా ఉన్నది. పాప మోకాళ్ళూని, బయలుదేరేటప్పుడు చెప్పినట్లే ముందుకు వాలింది. పడవ నీటి నుండి లేచి ముక్కాలిపీట మీద నిలిచే ఘట్టం అది. అక్కడ వెనుకకు కూర్చుంటే పడవ నీటిని దున్నుతూనే ఉండిపోతుంది. లేచిన తరువాత నేరుబాటలో ముక్కు గంతులు వేయడం మొదలైంది. ఒకటి, రెండు, మూడు. మా ముగ్గురిలో ఎవరమూ కేక వేయలేదు, వేసినా వినబడదు. ఆ పిల్ల తనంతట తాను జానెడు ముందుకు జరిగింది. గంతులు ఆగిపోయాయి. ఎడమ మలుపులో లోపలివైపుకు ఒరిగి, స్పాన్సన్ పక్కనున్న ఫిన్ నీటిని కోస్తుండగా చుట్టి వచ్చింది. ఒడ్డుకు వచ్చాక, ఎందుకు ముందుకు జరిగావని అడిగితే, “తాతయ్యా, అది గుర్రంలా ఎగురుతోంది, మెడ మీద చెయ్యి వేశాను” అన్నది.

ఈ వేసవిలో మేనల్లుడు మళ్ళీ ఉత్తరం రాశాడు. పాప నాలుగు కిలోలు పెరిగిందట; లెక్క తప్పిపోయిందేమో, ఎర్రగీత జరపాలా అని అడిగాడు. పెరిగే బరువు గురుత్వకేంద్రానికి దగ్గరలోనే ఉన్నది గనుక అది కదిలినది రెండు మిల్లీమీటర్లే. గీత అక్కడే ఉండనిమ్మని జవాబు రాశాను. హెల్మెట్టు మాత్రం కొత్తది కొనవలసి వచ్చిందట.