స్రావమా, సంకోచమా?

"గాలి దిగిపోయింది" అన్న మన మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. గాలి బయటికి పోవడం ఒకటి. గాలి ఉన్నచోటనే ఉండి దాని ఒత్తిడి తగ్గడం మరొకటి. మొదటిది స్రావం, రెండవదానిని ప్రస్తుతానికి సంకోచం అందాం. (ఈ రెండవ మాట పూర్తిగా అతకదని నాకూ తెలుసు. మూసిన గొట్టంలో గాలి ఆక్రమించే చోటు మారదు, ఒత్తిడే మారుతుంది. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెబితే సంతోషిస్తాను.) మన ఎండల్లో సైకిలు తొక్కేవాడికి ఈ భేదంతో పనిలేదు. కాని అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తర భాగాన, డులూత్ దగ్గర, మా అమ్మాయి ఇంట 2023 చలికాలం గడిపినప్పుడు ఈ భేదం మీదనే ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడవలసి వచ్చింది.

అక్కడి జనానికి స్నోమొబైలు, అంటే మంచుబండి, వట్టి విలాసవస్తువు కాదు. చలికాలపు జీవితంలో ఒక భాగం. ముందు రెండు స్కీలు, వెనుక గొలుసులా తిరిగే రబ్బరు పట్టా. ఆ రాష్ట్రంలో ఈ బండ్లకోసమే 22,000 మైళ్లకు పైగా బాటలున్నాయి. డులూత్ నుంచి గ్రాండ్ మరే దాకా అడవిలోంచి సాగే బాట 146 మైళ్లు. మా అల్లుడుగారు ఆ బాటలో కొంతదూరం వెళ్లాలని, వెనుక సీటులో పదకొండేళ్ల మా మనవరాలిని కూర్చోబెట్టుకోవాలని సంకల్పించారు. అంతకు రెండు వారాల ముందునుంచీ బండి ఎడమవైపుకు ఒరుగుతున్నది.

ఆ బండి ముందుభాగాన స్కీకి ఒకటి చొప్పున ఉన్న షాకబ్జార్బర్లలో ఉక్కు స్ప్రింగు లేదు. గాలే స్ప్రింగు. ఉక్కు చుట్ట బరువు తప్పుతుంది. ఎక్కేవారి బరువునుబట్టి పంపుతో గాలి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పైగా గాలిస్ప్రింగు అణిగేకొద్దీ మరింత బిగుస్తుంది కనుక పెద్ద గతుకులో కూడా అంత సులభంగా అడుగంటదు. ఇవన్నీ గాలి సరిగ్గా ఉన్నంతవరకే. ఒక పక్క తగ్గితే ఆ పక్క స్కీ లోపలికి కూరుకుంటుంది, బండి ఒరుగుతుంది, గతుకులో ఇనుముకు ఇనుము తగిలినట్టు దెబ్బ తగులుతుంది. మలుపులో అదే జరిగితే వెనుక కూర్చున్న పిల్ల గతి ఏమిటని మా అమ్మాయి అడిగింది. అడగవలసిన ప్రశ్నే.

"చలికి తగ్గుతుంది మామయ్యగారూ, పంపు సంచిలో పెట్టుకుంటాను, సరిపోతుంది" అన్నారు అల్లుడుగారు. ఊళ్లోని మరమ్మతు దుకాణంవారేమో బండిని చూడకుండానే సీళ్లు పోయాయి, రెండూ మార్చాలన్నారు. ఇద్దరి మాటా నిజం కావచ్చు. ఎవరి మాట ఎంతవరకు నిజమన్నదే తేలవలసింది.

చలి సంగతి లెక్కకు అందేదే. మూసిన పాత్రలో గాలి ఒత్తిడి పరమ ఉష్ణోగ్రతను అనుసరించి మారుతుందని గేలూసాక్ పేరు మీద మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. హీటరున్న గ్యారేజిలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చదరపు అంగుళానికి 70 పౌన్లు ఉండేట్టు గాలి కొట్టామనుకోండి. గేజి చూపేది బయటి వాతావరణం కంటె ఎంత ఎక్కువో అంతే. కనుక దానికి మరో 14.7 కలిపి లెక్కవేయాలి. బండిని సున్నాకు దిగువ 20 డిగ్రీల చలిలో నిలబెడితే గేజి మీద ఆ 70 సుమారు 58కి దిగుతుంది. ఒక్క బుడగ కూడా బయటికి పోలేదు! మళ్లీ వెచ్చగా పెడితే పోయినదంతా తిరిగి వస్తుంది. ఇందులో ఒక ప్రమాదమూ ఉన్నది. ఆ చలిలోనే పంపు పట్టుకుని 70 చేస్తే, గ్యారేజిలోకి వచ్చేసరికి అది 83 అవుతుంది. అందుకే ఏ చలిలో నడుపుతామో ఆ చలిలోనే ఒత్తిడి సరిచూసుకోవాలంటారు. నడిచేటప్పుడు షాకు కొంత వేడెక్కుతుంది కూడా. ఆ పెరుగుదల వేరు.

ఇక మూడో దొంగ గేజి. షాకు లోపల గాలికి ఉన్న చోటు చాలా తక్కువ. పంపు గొట్టం తగిలించగానే లోపలి గాలిలో కొంత ఆ గొట్టంలోకి వస్తుంది, ఒత్తిడి ఆ మేరకు తగ్గుతుంది, తగ్గిన అంకెనే గేజి చూపుతుంది. కారు చక్రంలో ఇది లెక్కలోకి రాదు; ఇక్కడ మూడు నాలుగు పౌన్లు పోతాయి. రోజూ అనుమానంతో చూసేవాడి షాకు రోజూ తగ్గుతుందన్నమాట!

ఈ మూడింటినీ విడదీయడానికి నాకు తోచిన ఉపాయం మన తర్కశాస్త్రంవారి అన్వయవ్యతిరేకమే. చలి రెండు పక్కలకూ సమానం. గేజి చౌర్యమూ రెండింటికీ సమానం. ఎడమదానికి మాత్రమే జరిగి కుడిదానికి జరగనిది ఏదో అదే స్రావం. కుడి షాకును సాక్షిగా నిలబెట్టాం.

శనివారం సాయంత్రం గ్యారేజిలో రెండింటికీ 70 పెట్టి, ఆ రాత్రి బండిని బయట ఉంచాం. తెల్లవారి కుడిది 55, ఎడమది 53. అల్లుడుగారు నావైపు చూసి నవ్వారు. ఆ రెండు పౌన్ల తేడా ఆయన దృష్టిలో తేడా కాదు. బండిని లోపల పెట్టించి, వారం రోజులు ఎవరూ గేజి తగిలించకూడదని షరతు పెట్టాను. మరుసటి శనివారం కుడిది 63. చలి తీసుకున్నదాన్ని చాలావరకు వెచ్చదనం తిరిగి ఇచ్చింది. ఇవ్వని కొద్దీ గేజి ఖాతాలోది. ఎడమది 49. వెచ్చబడ్డాక పెరగవలసింది తగ్గింది. ఇక వాదన లేదు.

ఎక్కడినుంచి పోతున్నదో తెలుసుకోవడానికి పెద్ద విద్య అక్కరలేదు. మన సైకిలు షాపులో నీళ్ల బేసినులో ట్యూబు ముంచి బుడగ చూస్తారే, వాల్వు మూతిమీద వేలితో ఉమ్మి అద్ది చూస్తారే, అదే పద్ధతి. ఉమ్మికి బదులు సబ్బునీళ్లు. ముందు వాల్వు చూశాం. చాలాసార్లు దోషం అక్కడే ఉంటుందట, పిన్ను కొంచెం బిగిస్తే సరిపోతుందట. అక్కడ ఏమీ లేదు. తర్వాత కడ్డీ లోపలికి దిగేచోట సబ్బునీళ్లు రాశాం. చాలాసేపు ఏమీ కనిపించలేదు. మనవరాలే ముందు చూసింది, "తాతయ్యా, ఇక్కడ!" అని. ఆవగింజంత బుడగ. అది శనగగింజంత కావడానికి నిమిషం దాటింది. వారానికి పదిహేను పౌన్లు మింగినది అదే.

దుకాణంవారు గాలి పూర్తిగా తీసేసి (అది తీయకుండా విప్పడం ప్రాణాపాయం) గొట్టం విప్పితే, సీలు పెదవి కింద సన్నని వెంట్రుక ఒకటి, దాని వెంట రబ్బరులో గీత కనిపించాయి. ఇంట్లో కుక్క ఉన్నది. అంతకుమించి నేనేమీ అనను. కడ్డీ మీద గీత లేకపోవడం అదృష్టం. ఉంటే కొత్త సీలును కూడా అది కోసేది. లోపల నైట్రోజను నింపిన గది వేరే ఉంటుంది, దాని జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదని దుకాణంవారు మరీ మరీ చెప్పారు.

కొత్త సీలు వేశాక మళ్లీ రెండింటికీ 70 పెట్టి, గ్యారేజిలో వారం ఆగి చూశాం. 66, 66. మా అమ్మాయి ఆ అంకెలను తన కళ్లతో చూసిన తర్వాతే పిల్ల హెల్మెట్టు బయటికి తీసింది. తండ్రీకూతుళ్లు తెల్లవారుజామున బయలుదేరి చీకటి పడకముందే తిరిగి వచ్చారు.

కుడి షాకుదీ అదే వయసు, అదే కుక్క, కనుక దాని సీలు కూడా మార్పించమని నేనన్నాను. వచ్చే చలికాలానికి చూద్దాం మామయ్యగారూ అన్నారు అల్లుడుగారు.