ఎదురు ప్రశ్న ఉన్న చోటు

లింగంపల్లి నుంచి పాత ముంబై రహదారి మీద గచ్చిబౌలి వైపు వెళ్తుంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం గేటు వస్తుంది. లోపల బండరాళ్లు, చెట్లు, చెరువులు. ప్రహరీ దాటితే ఐటీ కంపెనీల అంతస్తులు. విద్యార్థి సంఘం ఎన్నికల వేళ అక్కడి ఉపన్యాసాలు వినాలనే వెళ్లాను. 1974లో ఈ విశ్వవిద్యాలయం మొదలైంది అబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్‌లో, అంటే మహావక్త సరోజినీ నాయుడు ఇంట్లో.

చీకటి పడుతుండగా క్యాంపస్ దుకాణ సముదాయమైన షాప్‌కామ్ దగ్గర డప్పు మోగింది. టీ గ్లాసులు పట్టుకుని పిల్లలు గుమిగూడారు. సస్పెండైన ఐదుగురు పరిశోధక విద్యార్థులు 2016 జనవరిలో ‘వెలివాడ’ అనే నిరసన శిబిరం వేసుకున్నది ఈ షాప్‌కామ్‌లోనే. వారిలో ఒకడైన రోహిత్ వేముల ఆ నెల 17న ప్రాణాలు తీసుకున్నాడు. ఇక్కడ మాట్లాడేవాళ్లెవరూ ఆ పేరు మరిచిపోయి మాట్లాడలేరు.

గోడల మీద చేత్తో రాసిన పోస్టర్లే కనిపించాయి. అచ్చు పోస్టర్లు కూడదు, అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు అన్న, విద్యార్థి ఎన్నికలపై వేసిన లింగ్డో కమిటీ సిఫార్సులను 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమంది. డబ్బుకు అంత గట్టి కళ్లెం పడ్డాక అభ్యర్థికి మిగిలేది మాటే.

ఒక పరిశోధక విద్యార్థిని ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఫెలోషిప్ ఆలస్యాల దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి దిగింది. ఆ డబ్బుల్లోంచే ఇంటికి పంపేవాళ్లున్నారని చెబుతుంటే చప్పట్లు మోగాయి. అంతలో వెనక నుంచి ఒకతను, “గెలిస్తే మొదటి నెలల ఏం చేస్తవో అది చెప్పక్కా” అన్నాడు. ఆమె తడబడలేదు. సంఘం చేతిలో ఉన్నదేమిటో, లేనిదేమిటో విడదీసి చెప్పింది. నేనక్కడ విన్నవాటిలో గొప్ప ఉపన్యాసం ఆ జవాబే.

అమెరికా తొలి కాలేజీల్లోనూ వక్తృత్వంలో అసలు శిక్షణ ఇలాంటి చోట్లే దొరికింది. కాలేజీ లాటిన్‌లో వాదాలు అప్పజెప్పించుకునేది. ప్రిన్స్‌టన్ విద్యార్థులు 1769లో విగ్ సొసైటీని, మరుసటి ఏడాది దానికి పోటీగా క్లియోసోఫిక్ సొసైటీని పెట్టుకుని ఒకరినొకరు నిలదీసుకున్నారు. విగ్ సొసైటీలో ఎదిగిన జేమ్స్ మాడిసన్‌ది చాలా సన్నటి గొంతు. అమెరికా రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అని చర్చించిన 1788 వర్జీనియా సభలో ఆయన మాటలు కొన్ని రాసుకునేవాళ్లకే వినపడలేదు. అయినా ప్యాట్రిక్ హెన్రీ వంటి ఉద్దండ వక్తకు ఎదురు నిలిచి రాజ్యాంగాన్ని గట్టెక్కించినవారిలో ఆయనే ముఖ్యుడు. గొంతు పెంచడం వక్తృత్వం కాదని నేను నమ్మేది అందుకే. అడిగినదానికి నిలబడి జవాబు చెప్పగలగాలి.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 1980ల చివర్లో ఆగిపోయిన సంఘ ఎన్నికలు మళ్లీ జరగలేదు. అక్కడ చదివే పిల్లలకు వక్తృత్వ పోటీలున్నాయి, బహుమతులున్నాయి, ఎదురు ప్రశ్న మాత్రం లేదు. ఎన్నికలు తిరిగి పెట్టాలి. అవి వచ్చేలోగా ప్రతి డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ నెలకొక సాయంత్రం పిల్లలకు మైకు ఇచ్చి, ప్రశ్నలకు సగం సమయం కేటాయించాలని నా విన్నపం.