అవ్వ మాటకు చోటేది?

శ్రీశైలం ముంపు ఊళ్ల మీద సొంత డబ్బుతో డాక్యుమెంటరీ తీస్తున్న కుర్రాడున్నాడు, చూసి రాయమని సంపాదకులు పంపితే కర్నూలు వెళ్లాను. పాతబస్తీలో మేడమీద ఇరుకు గది. కంప్యూటర్ తెర మీద ఒక అవ్వ, 1981లో ఊరు ఖాళీ చేయించిన రోజు చెబుతోంది. "దూలాలు గూడా పీక్కోనీలే నాయనా" అని ఆగిపోయింది. ఎంతకీ మాట్లాడదు. కుర్రాడి చూపుడువేలు మీట మీదే ఉంది గానీ నొక్కలేదు. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, రోలు యాడుండేదో, గాదె యాడుండేదో నేలమీద గీసి చూపించేదాకా ఆగాడు. టీవీ వాళ్లయితే ఆ మౌనాన్ని కోసేసేవాళ్లు. ఆ వేలి ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఇంతలో అతను పక్కనున్న కుర్రాడితో అన్న మాట చెవిన పడింది: "డిస్కు నిండిపోయిందిరా. పెళ్లిళ్లు మొదలైతే గానీ కొత్తది కొనలేం. పాతవి కొన్ని తీసేయాల."

పెళ్లి వీడియోల సంపాదనతోనే ఈ సినిమా నడుస్తోంది. సినిమాలో అవ్వ కనిపించేది కొద్ది నిమిషాలే. మిగతా గంటల్లో మునిగిన చేల పేర్లున్నాయి, ఊరి దేవతలున్నారు, ముంపు బాధితులకు కొలువులిస్తామన్న 98వ జీవో కింద ఉద్యోగం కోసం తిరిగి తిరిగి ముసలైన కొడుకున్నాడు. చెరిపేసేది వాటినే.

నాకు కడుపు మండింది. ఎండాకాలం జలాశయంలో నీళ్లు తగ్గితే మునిగిన సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం పడవలెక్కి పోతారు. ఊళ్ల కథ అలా ఏటేటా తేలదు, ఎవరో ఒకరు కెమెరా పట్టాలి. 'సమరసింహారెడ్డి' వచ్చిన 1999 నుంచీ వెండితెర మీద రాయలసీమంటే బాంబులూ వేటకొడవళ్లే. సీమ మనిషి తన గొంతుతో మాట్లాడేది ఇలాంటి సినిమాల్లోనే.

డాక్యుమెంటరీలు తీయడానికి 1948లో పుట్టిన కేంద్రప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్‌ను 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. కేరళ చలనచిత్ర అకాడమీ మాత్రం 2008 నుంచి డాక్యుమెంటరీలకూ లఘుచిత్రాలకూ ప్రత్యేకంగా ఉత్సవం జరుపుతోంది. అక్కడే మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం మిత్రబృందం 'ఒడెస్సా', జనం దగ్గర చందాలు పోగుచేసి 1986లో 'అమ్మ అరియాన్' తీసింది. ఇటు తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దళిత మహిళా రైతులే కెమెరా పట్టారు.

అంతదూరం ఎందుకు? 1820లో కడపకొచ్చిన ఆంగ్లేయ అధికారి సీపీ బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. అవ్వ చెప్పిందీ తాళపత్రమే. ఆయన బంగళా ఉన్నచోట వెలసిన భాషా పరిశోధన కేంద్రం ఈ దృశ్యాలనూ భద్రపరచాలి. సినిమాలకిచ్చే ప్రోత్సాహకాల్లో ప్రభుత్వం డాక్యుమెంటరీలకు ఏటా వాటా తీయాలి. అందాకా చదువరులం తలా కాస్త వేసుకుని ఆ కుర్రాడికి డిస్కు కొనిద్దాం. అవ్వ మళ్లీ చెప్పడానికి ఎన్నాళ్లుంటుందో ఎవరికి తెలుసు?